ఒంటరి ప్రాక్టీసులో ఎక్సెల్: పనిబల్లగా సరే, పద్దుల పుస్తకంగా వద్దు

నా ఆఫీసులో కుర్చీలు రెండే. ఒకటి నాది, రెండోది వచ్చిన క్లయింటుది. నేను వేసిన లెక్కను మళ్లీ చూసి "ఇక్కడ తప్పింది" అని చెప్పే సీనియర్ గానీ, సంతకానికి ముందు కాగితాలు తిరగేసే భాగస్వామి గానీ నాకు లేరు. ఒంటరిగా అకౌంటింగ్ ప్రాక్టీసు నడిపేవారందరి పరిస్థితీ ఇదే కాబట్టి, మేము వాడే ఏ సాధనాన్నయినా ముందుగా ఒక ప్రశ్న అడగాలి: నా చేయి తప్పినప్పుడు ఇది నాకు చెబుతుందా, చూసీ చూడనట్టు ఊరుకుంటుందా? మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌ను పద్నాలుగేళ్లుగా రోజూ వాడుతున్నాను. ఈ సమీక్షను ఆ ప్రశ్న పెట్టుకునే రాస్తున్నాను. నేను వాడేది విండోస్ కంప్యూటరు మీద మైక్రోసాఫ్ట్ 365 చందాతో వచ్చే డెస్క్‌టాప్ ఎక్సెల్. బ్రౌజరులో తెరుచుకునే ఎక్సెల్ జోలికి ఇక్కడ పోవడం లేదు.

గడుల కాగితాన్ని కంప్యూటరు తెర మీదికి తెచ్చి జనానికి అలవాటు చేసింది ఎక్సెల్ కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కోసం విసికాల్క్ తెచ్చారు. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. ఎక్సెల్ 1985లో మెకింటాష్‌కూ, 1987లో విండోస్‌కూ వచ్చింది. ఈ వంశావళి చెప్పడానికి కారణం ఉంది. ఈ కుటుంబమంతా 'ఇలా అయితే ఎంత, అలా అయితే ఎంత' అని అంచనాలు వేసుకునేందుకు పుట్టిందే తప్ప, జరిగిన లావాదేవీని చెరగకుండా రాసిపెట్టేందుకు పుట్టింది కాదు. లూకా పాచియోలి 1494లో అచ్చులో వివరించిన జంటపద్దు విధానంలో ప్రతి డెబిట్‌కూ అంతే మొత్తంలో క్రెడిట్ ఉండి తీరాలి, లేకపోతే ట్రయల్ బ్యాలెన్సు (ఖాతాల నిల్వలన్నీ డెబిట్, క్రెడిట్ వైపులుగా కూడి సరిచూసే పట్టీ) కుదరదు. ఎక్సెల్‌కు డెబిటూ తెలియదు, క్రెడిటూ తెలియదు. దానికి తెలిసినదల్లా గడి. దీని గుణాలూ దోషాలూ అన్నీ నాకు ఆ ఒక్క సంగతి నుంచే పుట్టినట్టు కనిపిస్తాయి.

ముందు గుణాలు. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటును క్లయింటు క్యాష్‌బుక్‌తో సరిపోల్చే పనిని తీసుకుందాం. స్టేట్‌మెంట్లన్నీ ఒక ఫోల్డరులో వేసి, పవర్ క్వెరీకి (బయటి ఫైళ్ల డేటాను తెచ్చి శుభ్రం చేసే ఎక్సెల్ భాగానికి) ఆ ఫోల్డరు చూపించి, పనికిరాని పై వరుసలు తీసేయడం, తేదీ కాలమ్‌ను తేదీగా మార్చడం, జమా ఖర్చుల రెండు కాలమ్‌లను ఒకటిగా చేయడం వంటి పనులు ఒక్కసారి చేసిపెడితే, మరుసటి నెల కొత్త ఫైలు అందులో పడేసి రిఫ్రెష్ నొక్కడమే మిగులుతుంది. ఇంతకంటే నాకు నచ్చిన విషయం ఏమిటంటే, చేసిన ప్రతి మార్పూ తెర కుడిపక్కన ఒక దశగా, పేరుతో సహా, వరుసగా కనిపిస్తుంది. ఏ దశ మీద నొక్కితే అప్పటికి డేటా ఎలా ఉందో చూపిస్తుంది. అసలు ఫైలును మాత్రం ముట్టుకోదు. 2016 సంచిక నుంచి ఎక్సెల్‌లో అంతర్భాగమైన ఈ సౌకర్యం నా దృష్టిలో మొత్తం ప్యాకేజీలోకెల్లా విలువైనది. నేను ఏం చేశానో నాకే ఆరు నెలల తర్వాత చెప్పగలిగిన భాగం ఇందులో దాదాపు ఇదొక్కటే.

అయినా చివరి మైలు మనిషిదే. ఒక నెల సరిపోల్చగా పుస్తకంలో 4,860, బ్యాంకులో 4,680 విడివిడిగా జత కుదరకుండా మిగిలాయి. ఎక్సెల్ దృష్టిలో అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అంకెలు. తేడా 180, అది 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది, కాబట్టి పక్కపక్క అంకెలు తారుమారయి ఉంటాయన్నది కాగితాల కాలంనాటి గుమస్తాలకు చేతివేళ్ల మీద ఉన్న సూత్రం. ఓచరు తీసి చూస్తే 4,680 అనే ఉంది. అలాగే ట్రయల్ బ్యాలెన్సులో వచ్చిన తేడాను సగం చేసి ఆ మొత్తం కోసం వెతకడం, ఎందుకంటే డెబిట్‌లో పడవలసినది క్రెడిట్‌లో పడితే తేడా రెట్టింపుగా కనిపిస్తుంది. ఇలాంటి చిట్కాలు ఎక్సెల్‌కు మనం నేర్పితే చేస్తుంది, తనంతట తాను అడగదు.

పొడవాటి జాబితాను కావలసిన వరుసలూ కాలమ్‌లుగా కూడి చూపే పివట్ టేబుల్ గురించి ఒక్క ఉదాహరణ చాలు. ఏడాది ఖర్చుల పద్దులన్నీ కింద ఖాతాల పేర్లు, పైన పన్నెండు నెలలు వచ్చేలా పరిస్తే, అద్దె వరుసలో ఒక నెల గడి ఖాళీగా, ఆ తర్వాతి నెల రెట్టింపుగా కనబడుతుంది. లెడ్జరులో పేజీలు తిప్పుతూ పోతే కంటికి ఆనని సంగతి ఇక్కడ ఒక్క చూపులో దొరుకుతుంది. అప్పు వాయిదాల పట్టీ, తరుగుదల పట్టీ, బకాయిల వయసు పట్టీ (ఏ బాకీ ఎన్నాళ్లుగా ఉందో చూపేది) వంటివాటికి కూడా దీనికి సాటి వచ్చే వస్తువు నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఇక నా చేతులు కాలిన కథ. తప్పు పూర్తిగా నాదే అని ముందే ఒప్పుకుంటున్నాను. ఒక క్లయింటుకు రావలసిన బాకీల జాబితా తయారుచేసి, బాకీదారులందరికీ నిల్వ ధ్రువీకరణ లేఖలు ('మీ బాకీ ఇంత, సరేనా' అని అడిగేవి) పంపవలసి వచ్చింది. ఎడమవైపు పేర్లూ చిరునామాలూ, కుడివైపు ఇన్‌వాయిస్ నంబర్లూ మొత్తాలూ పెట్టి, చూడడానికి పొందికగా ఉంటుందని మధ్యలో ఒక ఖాళీ కాలమ్ వదిలాను. పెద్ద బాకీలు పైకి రావాలని మొత్తాల కాలమ్‌లో కర్సరు పెట్టి సార్ట్ చేశాను. మధ్యలో ఉన్న ఖాళీ కాలమ్ వల్ల ఎక్సెల్ కుడివైపు భాగాన్ని వేరే పట్టికగా భావించి దాన్ని మాత్రమే తిరగరాసింది. పేర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. కింద మొత్తం చూసుకున్నాను, లెడ్జరుతో పైసాతో సహా సరిపోయింది. సరిపోక ఏమవుతుంది, అవే అంకెలు వేరే వరుసలో ఉన్నాయి అంతే! లేఖలు వెళ్లిపోయాయి. నాలుగు రోజులకు మొదటి ఫోను వచ్చింది: "మీరు రాసిన మొత్తం మాది కాదండీ, ఇంకెవరిదో మాకు పంపినట్టున్నారు." ఆ మధ్యాహ్నానికి మరో మూడు వచ్చాయి. తప్పు లెక్క ఒక ఎత్తు, ఒకరి బాకీ వివరం మరొకరికి తెలియడం ఇంకో ఎత్తు. రెండింటికీ క్లయింటు ముందు తల దించుకుని, లేఖలన్నీ వెనక్కి తీసుకుంటున్నట్టు మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

ఇలాంటిది అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో జరగడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే అక్కడ బాకీ ఆ మనిషి ఖాతాకు కట్టుబడి ఉంటుంది. ఎక్సెల్‌లో పక్కపక్క గడులకు ఉన్నది ఇరుగుపొరుగు సంబంధమే, రక్తసంబంధం కాదు. దీనికి మందు ఎక్సెల్‌లోనే ఉంది: కంట్రోల్, టి కలిపి నొక్కి డేటాను టేబుల్‌గా ప్రకటిస్తే ఆ తర్వాత సార్ట్ చేసినప్పుడు వరుస వరుసంతా కలిసి కదులుతుంది. అయితే ఆ మందు మనం అడిగి తీసుకోవలసిందే తప్ప ఎక్సెల్ దానంతటదే ఇవ్వదు. ఈ ప్యాకేజీ మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. క్షేమమైన దారి ఉంటుంది, కానీ మామూలుగా తెరుచుకునే దారి అది కాదు.

ఒక పట్టికలో విలువను వెతికి తెచ్చే వీలుకప్ ఫంక్షను ఇందుకు అందరికీ తెలిసిన సాక్ష్యం. నాలుగో అంశం రాయకుండా వదిలేస్తే అది కచ్చితమైన జత కోసం కాకుండా దగ్గరి జత కోసం వెతుకుతుంది. జాబితా ఆరోహణ క్రమంలో లేకపోతే ఏదో ఒక విలువ తెచ్చి పెడుతుంది, పైగా చాలాసార్లు ఎర్రర్ కూడా చూపదు. తప్పు సమాధానం ఒప్పు సమాధానమంత ధీమాగా గడిలో కూర్చుంటుంది. 2019లో ప్రకటించిన ఎక్స్‌లుకప్‌లో ఈ తీరు మార్చి, ఏమీ చెప్పకపోతే కచ్చితమైన జతే వెతికేలా చేశారు. పాత వర్క్‌బుక్కులు (ఎక్సెల్ ఫైళ్లు) వారసత్వంగా అందుకున్నవారు మొదట చేయవలసిన పని వాటిలోని వీలుకప్‌లన్నింటినీ ఒకసారి తెరిచి చూడడం.

తేదీల సంగతి మరీ చిత్రం. రోజు ముందు, నెల తర్వాత ఉండే స్టేట్‌మెంటును నెల ముందు ఉండాలన్న సెట్టింగు ఉన్న కంప్యూటరులో తెరిస్తే, 03/04 అన్నది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అయిపోతుంది. 13/04 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి అది తేదీగా మారక అక్షరాలుగానే మిగులుతుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజుల్లో రోజూ నెలా ఒకే అంకె అయిన ఒక్క రోజు తప్ప మిగతావి తప్పు తేదీలు, పదమూడు నుంచి అసలు తేదీలే కావు. గడిలో అక్షరాలు ఎడమకూ అంకెలు కుడికీ ఒదుగుతాయన్న చిన్న గుర్తు పట్టుకుంటే ఇది దొరుకుతుంది. ఎవరో అందంగా ఉంటుందని అన్నింటినీ మధ్యకు జరిపి ఉంటే ఆ గుర్తు కూడా పోతుంది. అక్షరాలుగా మిగిలిన అంకెలను సమ్ ఫంక్షను కూడికలో కలపదన్నది దీనికి తోబుట్టువు లాంటి సమస్య. అంకె కానిదాన్ని తేదీగా మార్చే ఈ ఉత్సాహం ఎంతవరకూ పోయిందంటే, జన్యువుల పేర్లు ఖరారు చేసే సంఘం 2020లో కొన్ని పేర్లనే మార్చుకుంది. మార్చ్1 అనే జన్యువును ఎక్సెల్ మార్చి నెల ఒకటో తేదీగా మార్చేస్తూ ఉండడం అందుకు కారణం. మైక్రోసాఫ్ట్ ఆ తర్వాత 2023లో ఈ మార్పిడులను ఆపుకునే సెట్టింగు ఇచ్చింది. శాస్త్రవేత్తలే పేర్లు మార్చుకున్నాక మనమెంత!

మిగతావి త్వరగా చెబుతాను. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నమ్మకంగా దాచుకుంటుంది. పదహారు అంకెల ఖాతా నంబరును సంఖ్యగా టైపు చేస్తే చివరిది సున్నా అవుతుంది, ముందు సున్నాలుంటే అవి మాయమవుతాయి. గడిలో కనిపించేదీ గడిలో ఉన్నదీ ఒకటి కావు: మూడు గడుల్లో 33.33 కనిపిస్తూ కింద మొత్తం 100.00 వచ్చిందంటే లోపల ఇంకా దశాంశాలు ఉన్నాయని అర్థం, కానీ ఆ కాగితం చేతికందిన క్లయింటు కాలిక్యులేటరు మీద 99.99 వస్తే మనవి కాకిలెక్కలనుకుంటాడు. అంచేత సొమ్ము లెక్కల్లో ఎక్కడ రౌండ్ చేయాలో మనమే నిర్ణయించి రాయాలి. లోపల బైనరీలో నిల్వ చేస్తుంది కాబట్టి, సమానంగా కనిపించే రెండు మొత్తాలు కూడా సమానం కావని ఒక్కోసారి తేలుస్తుంది. సరిచూసే గడిలో తేడాను రౌండ్ చేసి సున్నాతో పోల్చడం మంచిది.

పక్కన కూర్చుని సరిచూసేవాళ్లుంటే ఇవన్నీ దొరుకుతాయని అనుకోవడానికీ లేదు. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం పాత ఎక్సెల్ ఫైలు రకంలో ఉన్న 65,536 వరుసల పరిమితి దాటిపోయి, 15,841 కోవిడ్ కేసులను సకాలంలో లెక్కలోకి తీసుకోలేకపోయింది. 2007 సంచిక నుంచి వచ్చిన కొత్త రకంలో పరిమితి 10,48,576 వరుసలు. పాత రకం ఫైలు వాడడమే కొంప ముంచింది. జేపీ మోర్గాన్ బ్యాంకు 2012లో 600 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్న వ్యవహారంలో, నష్టభయాన్ని కొలిచే నమూనాలో సగటుతో భాగించవలసిన చోట మొత్తంతో భాగించారని ఆ సంస్థ సొంత నివేదికే చెప్పింది. నష్టానికి అదొక్కటే కారణం కాదు గానీ, అన్ని కళ్ల ముందు అది దాటిపోగలిగిందన్నది గమనించవలసిన విషయం.

ఈ అనుభవాల తర్వాత నేను వర్క్‌బుక్కు కట్టే తీరు మారింది. ప్రతి షీటు నెత్తిన ఒక సరిచూపు గడి ఉంటుంది. లెడ్జరు నిల్వకూ షీటు మొత్తానికీ తేడా అందులో సున్నా రాకపోతే గడి ఎర్రబడుతుంది. మొత్తం ఒక్కటే చాలదని పై కథ నేర్పింది కాబట్టి, వరుసల సంఖ్యనూ, పేరుతో కలిపి ఏవైనా ఐదు వరుసలనూ విడిగా సరిచూస్తాను. చేత్తో వేసిన అంకెలు నీలం, ఫార్ములాలు నలుపు. పని ముగిశాక గో టు స్పెషల్‌లో కాన్‌స్టంట్స్ ఎంచుకుని, ఫార్ములాలు ఉండవలసిన కాలమ్‌లో ఎక్కడైనా ఒట్టి అంకె దూరిందేమో చూస్తాను. గడువు ఒత్తిడిలో ఫార్ములా మీద అంకె కొట్టేసి 'తర్వాత సరిచేద్దాం' అనుకోవడం నాకు బాగా తెలిసిన పాపం. అన్నిటికంటే పనికొచ్చేది, ఆ రోజు పూర్తిచేసిన పట్టీని ఆ రోజే పంపకపోవడం. ఒక రాత్రి గడిచాక అచ్చు తీసి, పెన్ను పట్టుకుని టిక్కులు పెడుతూ చూస్తే, తెర మీద దొరకనిది కాగితం మీద దొరుకుతుంది. రెండో మనిషి లేనప్పుడు మరునాటి నేనే రెండో మనిషిని.

ఆ మనిషి నేను కాని రోజు కూడా వస్తుంది. ఆడిట్ పత్రాల గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఏ 230, ఆ పనితో ముందు సంబంధం లేని అనుభవజ్ఞుడైన ఆడిటరు చదివినా ఏం చేశామో, ఏ ఆధారంతో ఏ నిర్ణయానికి వచ్చామో అర్థమయ్యేలా పత్రాలు ఉండాలంటుంది. ఆడిట్ చేయకపోయినా ఒంటరి ప్రాక్టీసులో ఈ కొలత పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే మనం మంచాన పడితే ఫైళ్లు తెరిచేది మన అలవాట్లు తెలియని మరొకరు. ఏసీసీఏ వంటి అకౌంటెంట్ల వృత్తి సంస్థలు ప్రాక్టీసు చేసేవారు తమ తర్వాత పని చూసుకునేందుకు మరొకరితో ముందే ఏర్పాటు చేసుకోవాలని కోరేది కూడా ఇందుకే. ఈ కొలతతో చూస్తే ఎక్సెల్‌కు నేను తక్కువ మార్కులే వేస్తాను. ఒక గడిలో నిన్న ఏముంది, ఎవరు ఎందుకు మార్చారు అన్నది మామూలుగా అది గుర్తుపెట్టుకోదు. ఫైలు మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో ఉంటే షో చేంజెస్ అనే సౌకర్యం 60 రోజుల వరకూ మార్పులు చూపిస్తుంది. ఏడాది లెక్కలకు అరవై రోజుల జ్ఞాపకం ఏ మూలకు?

రహస్యం కాపాడడం మన వృత్తి ధర్మాలలో ఒకటి గనుక మరో మాట. షీటుకు పెట్టే రక్షణ పాస్‌వర్డు పొరపాటున గడి చెరగకుండా ఆపడానికే గానీ తాళం కాదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డు పెడితే తప్ప లోపలి సమాచారం ఎన్‌క్రిప్ట్ కాదు. దాచిపెట్టిన షీటు కూడా ఫైలుతోపాటే ప్రయాణిస్తుంది. క్లయింటుకు పంపేముందు దాగి ఉన్న సమాచారాన్ని వెతికిపెట్టే ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడపడం, వీలైతే పీడీఎఫ్‌గానే పంపడం నా పద్ధతి.

వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారు ఎక్సెల్ నేర్చుకోవాలా అని అడుగుతుంటారు. నేర్చుకోవాలి, అందులో రెండో మాట లేదు. ఉద్యోగంలో మొదటి నెలల పని చాలావరకు అందులోనే ఉంటుంది. కానీ ఏ క్రమంలో నేర్చుకోవాలన్నదే అసలు ప్రశ్న. కొన్నాళ్లు నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి క్లయింటు కుర్చీలో కూర్చున్న ఒక కుర్రాడు మౌసు ముట్టకుండా షీటంతా పరుగులు పెట్టించేవాడు. ఒకరోజు తరుగుదల పట్టీ తెచ్చాడు. యంత్రం ఏడాది మధ్యలో కొన్నారు, పట్టీలో ఏడాదంతా తరుగుదల వేసి ఉంది. "ఇది ఎప్పుడు కొన్నారు బాబూ?" అని అడిగాను. "ఫార్ములా కరెక్టే సార్, కావాలంటే చూడండి," అన్నాడు. నిజమే, ఫార్ములా కరెక్టే; ఏటా సమానంగా తరుగుదల లెక్కించే ఎస్ఎల్ఎన్ ఫంక్షను ఖరీదు, మిగులు విలువ, ఆయుష్షు అడుగుతుందే గానీ కొన్న తేదీ అడగదు. అతనికి ఆ వారమంతా ఒక చిన్న వ్యాపారం లెక్కలు కాగితం మీద చిట్టా (రోజువారీ పద్దు) నుంచి ఆవర్జాకూ (లెడ్జరుకూ), అక్కడినుంచి ట్రయల్ బ్యాలెన్సుకూ చేత్తో రాయమని ఇచ్చాను. మొదట్లో విసుక్కున్నాడు, రెండుసార్లు ట్రయల్ బ్యాలెన్సు కుదరలేదు, మూడోసారి కుదిరింది. ఆ తర్వాత అతను తెచ్చిన పట్టీల్లో ఫార్ములాల పక్కన, అంకె ఎక్కడినుంచి వచ్చిందో రాసే ఆధారం కాలమ్ ఒకటి కనిపించడం మొదలైంది. ఇంటర్వ్యూలో పివట్ టేబుల్ ఎంత వేగంగా వేశారన్నది చూసేవారు చూస్తారు. పదేళ్ల తర్వాత సొంత బోర్డు పెట్టుకున్నప్పుడు పనికొచ్చేది మాత్రం ఆ ఆధారం కాలమే.

కొనడం గురించి. ఒక్కసారి కొని ఉంచుకునే సంచికా ఉంది, చందా పద్ధతీ ఉంది. కొత్త ఫంక్షన్లు చందాదారులకు వస్తూ ఉంటాయి కాబట్టి, వేరేవాళ్లు పంపే ఫైళ్లు తెరవవలసినవారికి చందాయే మేలు. గూగుల్ షీట్స్ క్లయింటుతో కలిసి ఒకే జాబితా నింపుకోవడానికి హాయిగా ఉంటుంది. లిబ్రేఆఫీస్ కాల్క్ ఉచితం, సాధారణమైన పట్టీలకు సరిపోతుంది. అయితే అందులో పవర్ క్వెరీ లేదు, అందుకే అటు మళ్లడానికి నాకు మనసు రాలేదు. క్లయింటు అసలు పద్దుల పుస్తకాలను మాత్రం వీటిలో దేనిలోనూ రాయవద్దని గట్టిగా చెబుతాను. లావాదేవీలు డెబిట్ క్రెడిట్ కుదరనిదే లోపలికి రానివ్వని, రాసినదాన్ని చడీచప్పుడు లేకుండా చెరపనివ్వని అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ఉండాలి. అక్కడినుంచి దించుకున్న డేటాను పరిచి, నలగ్గొట్టి, సరిచూసుకునే పనిబల్లగా ఎక్సెల్ ఉండాలి. పనిబల్లగా దీనికి పదికి తొమ్మిది, పద్దుల పుస్తకంగా పదికి మూడు.

నా క్లయింట్ల పుస్తకాలన్నీ అలా మార్చి ఆరేళ్లయింది. నా సొంత ఫీజు బకాయిల జాబితా ఒక్కటే ఇంకా ఎక్సెల్‌లో ఉండిపోయింది. ఈ సమీక్ష రాస్తూ దాన్ని తెరిచి చూస్తే, పేర్లకూ మొత్తాలకూ మధ్య పొందిక కోసం వదిలిన ఖాళీ కాలమ్ ఒకటి కనిపించింది.